ఏడు గంటల ట్యాంకు, పావులూరి మల్లన

మొన్న వేసవి సెలవులు నాకు అమీర్‌పేటలో గడిచాయి. మూడో సంవత్సరం అయిపోయి ప్లేస్‌మెంట్స్ దగ్గర పడుతుంటే మనలో సగం మంది చేసే పనే నేనూ చేశాను. హాస్టల్లో ఒక బెడ్డు, పొద్దున కోడింగ్ క్లాసు, సాయంత్రం ఆప్టిట్యూడ్ క్లాసు. మైత్రీవనం చుట్టుపక్కల గోడలు కనబడనన్ని ఫ్లెక్సీలు, నడుస్తుంటే చేతిలో కరపత్రాలు పెట్టేవాళ్ళు, రాత్రి పదింటికి కూడా తగ్గని జనం. మీకు తెలియనిదేం కాదు.

మొదటి మాక్ టెస్టులో ఒక ట్యాంకు లెక్క వచ్చింది. ఒక పైపు ట్యాంకుని 6 గంటల్లో నింపుతుంది, ఇంకో పైపు 8 గంటల్లో నింపుతుంది, రెండూ కలిపి తెరిస్తే ఎంతసేపు పడుతుంది? టైమ్ అయిపోతోంది. ఆరు, ఎనిమిది, సగటు ఏడు. ఆప్షన్లలో 7 ఉంది కూడా. టిక్ పెట్టి ముందుకెళ్ళిపోయాను. మార్కు పోయింది, దానిమీద నెగెటివ్ మార్కు. తర్వాత తీరిగ్గా చూసుకుంటే సిగ్గేసింది. మొదటి పైపు ఒక్కటే ఆరు గంటల్లో నింపేస్తుంటే, దానికి సాయంగా రెండో పైపు కూడా తెరిస్తే ఏడు గంటలెలా పడుతుంది? సాయం చేయబోయి ఆలస్యం చేసే పైపు ఎక్కడైనా ఉంటుందా?

ఈ ఏడు గంటల సంగతి అక్కడితో వదిలేద్దును. కానీ అదే వారం హాస్టల్ డైనింగ్ హాల్లో అదే తప్పు ఇంకొకరి నోట్‌బుక్‌లో కనబడింది.

మా హాస్టల్లో వంట చేసే అక్కకి ఒక కూతురుంది. బడి పంజాగుట్ట వైపు. సెలవులైపోయి ఆరో తరగతి మొదలైంది. సాయంత్రం అక్క చపాతీలు చేస్తుంటే ఈ పాప మూల టేబుల్ దగ్గర కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంది. ఆ రోజు నోట్‌బుక్ మూసేసి ఏడుస్తోంది. తెరిచి చూస్తే 1/2 + 1/3 = 2/5 అని రాసి ఉంది, దానిమీద ఎర్ర సిరాతో ఇంటూ మార్కు. పేజీ నిండా అవే ఇంటూలు. లెక్కలు నాకు రావు, ఇంక బడికి పోను అంటుంది. అక్క పైకి కోప్పడుతోందిగానీ ఆమె మొహంలో ఉన్నది కోపం కాదు, భయం. తనూ ఆరో తరగతిలోనే లెక్కలకి భయపడి బడి మానేశానని తర్వాత ఒకరోజు చెప్పింది.

నాకెంత పని అనుకుని కూర్చున్నాను. 2కీ 3కీ క.సా.గు. 6, కింద 6 వెయ్యి, పైన 3, 2, మొత్తం 5/6 అని చకచకా చెప్పేశాను. పాప బుద్ధిగా రాసుకుంది. రాసుకున్నాక అడిగింది: మరి నాది ఎందుకు తప్పు అన్నా, గుణించేటప్పుడు పైవి పైవి, కిందవి కిందవి గుణిస్తాం కదా, కూడేటప్పుడు మాత్రం ఎందుకు కూడకూడదు?

నా దగ్గర జవాబు లేదు. నాలుగు సెమిస్టర్ల ఇంజనీరింగ్ మ్యాథ్స్ పాసయిన నా దగ్గర లేదు. ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తుంటే ఇంకోటి తట్టింది. ఆరో వంతు, ఎనిమిదో వంతు పైవీ కిందవీ కలిపేస్తే 2/14, అంటే 1/7. అంటే ఏడు గంటలు. నేను ఆప్టిట్యూడ్ టెస్టులో చేసిన తప్పు, పాప నోట్‌బుక్‌లో ఉన్న తప్పు అక్షరాలా ఒక్కటే!

పావులూరి మల్లన దగ్గరికి నేను చేరింది ఈ దారిలోనే.

చదరంగం పద్యం వెనక మనిషి

మన క్లబ్బు గ్రూపులో చదరంగం పద్యం ఒకటి తరచూ తిరుగుతుంటుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గడులూ నింపితే మొత్తం ఎన్ని గింజలు అనే లెక్కకి జవాబు చెప్పే పద్యం. అంకెలకి బదులు మాటలు ఉంటాయి: చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే 0. కుడి నుంచి ఎడమకి అంకెలు పేర్చుకుంటే 18446744073709551615 వస్తుంది. 64 బిట్ల అన్‌సైన్డ్ ఇంటీజర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదేనని సీఎస్ఈ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఈ పద్యం పావులూరి మల్లనదిగా ప్రసిద్ధి. ఇన్నాళ్ళూ ఫార్వర్డ్ చేయడమేగానీ ఆయనెవరని నేనెప్పుడూ వెతకలేదు.

మల్లన వాళ్ళది కమ్మనాటిలోని పావులూరు. ఇప్పటి లెక్కలో బాపట్ల జిల్లా ఇంకొల్లు దగ్గరి ఊరు. ఇంటిపేరు ఆ ఊరి నుంచే వచ్చింది. తండ్రి శివన్న, తల్లి గౌరమ్మ. తాత పేరు కూడా మల్లనే. ఈ తాతా మనవళ్ళ పేరు ఒకటే కావడం వల్ల సాహిత్య చరిత్రకారుల మధ్య పెద్ద పేచీ నడిచింది. రాజమహేంద్రవరం నుంచి వేంగిని ఏలిన తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు పిఠాపురం దగ్గరి నవఖండవాడని మల్లనకి అగ్రహారంగా ఇచ్చాడు. ఏ మల్లనకి? గణితం రాసిన మల్లనకే అయితే ఆయన నన్నయకి సమకాలికుడు. తాతకి అయితే మన మల్లన రెండు తరాల తర్వాతివాడు, అంటే పదకొండో శతాబ్దం చివరికి వస్తాడు. రెండు వైపులా పండితులు ఉన్నారు. ఊరు మాత్రం ఇప్పటికీ ఉంది, నవఖండ్రవాడ అంటారు.

ఏ తరం వాడైనా ఆయన చూసిన కాలం ఎలాంటిదో ఊహించుకోవచ్చు. రాజరాజ నరేంద్రుడికి పట్టాభిషేకం జరిగింది 1022లో. ఆయన కోరిక మీదే నన్నయ భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. అప్పటికి తెలుగు శాసనాల్లో ఉంది, జనం నోట్లో ఉంది. కానీ పెద్ద పుస్తకం తెలుగులో రాయొచ్చా అంటే అప్పుడప్పుడే అవునని తేలుతున్న రోజులవి. కథ చెప్పడానికి తెలుగు సరిపోతుందని నన్నయ చూపించాడు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం కింద మనం ఫొటోలు దిగుతాం. లెక్క చెప్పడానికి కూడా తెలుగు సరిపోతుందని చూపించినవాడు మల్లన. తెలుగులో మనకి దొరికిన తొలి గణిత గ్రంథం ఆయనదే. పేరు సారసంగ్రహ గణితం. జనం మాత్రం రాసినవాడి పేరుతోనే పావులూరి గణితం అన్నారు.

మూలం ఎక్కడిది

మల్లన సొంతంగా మొదలుపెట్టలేదు. ఆయన ముందు ఒక సంస్కృత పుస్తకం ఉంది: మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దపు జైన పండితుడు, రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడి కాలంవాడు. అమోఘవర్షుడి రాజధాని మాన్యఖేటం, ఇప్పటి మల్‌ఖేడ్. మన వికారాబాద్, తాండూరు దాటి సేడం వైపు పోతే వస్తుంది. మహావీరుడి పుస్తకంలో నక్షత్రాల లెక్కలు కాకుండా లెక్కల కోసమే లెక్కలున్నాయి. సంగీతానికి, వైద్యానికి, ఇళ్ళు కట్టడానికి, చివరికి వంటకి కూడా గణితం కావాలని మొదట్లోనే చెప్తాడు. రుణ సంఖ్యకి వర్గమూలం ఉండదని గమనించాడు. సున్నాతో భాగిస్తే సంఖ్య మారదని రాసి పొరబడ్డాడు కూడా. ఆ పుస్తకాన్ని 1912లో మద్రాసులో ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాక ప్రపంచమంతటికీ తెలిసింది. తెలుగువాళ్ళకి మాత్రం అంతకు ఎనిమిది శతాబ్దాల ముందే మల్లన చేతుల మీదుగా అందింది.

అనువాదం అంటే మక్కీకి మక్కీ దించడం అనుకోకండి. మల్లన శివభక్తుడు. మూలంలో జినుడికి మొక్కిన చోట శివుడికి మొక్కాడు. జైన గుళ్ళూ జైన పూజలూ ఉన్న లెక్కల్ని తన చుట్టూ ఉన్న జనానికి తగ్గట్టు మార్చుకున్నాడు. అంతకన్నా పెద్ద మార్పు ఇంకోటి. వర్గం చేయడం, ఘనం చేయడం లాంటి పనులకి మహావీరుడు ఎన్నో పద్ధతులు వరసగా చెప్పుకుంటూ పోతాడు. మల్లన వాటిని బాగా తగ్గించి, ఆ మిగిలిన చోటుని కొత్త ఉదాహరణలతో నింపాడు. పద్ధతి ఒకటి చాలు, లెక్కలు మాత్రం చాలా చెయ్యాలి. ఇది పండితుడు పండితుడి కోసం రాసే తీరు కాదు. ఎదురుగా పిల్లలు కూర్చుని ఉన్నారని తెలిసిన మేష్టారి తీరు.

ఆ పిల్లల్ని ఎలా ఆకట్టుకోవాలో కూడా ఆ ఇద్దరికీ తెలుసు. మహావీరుడి పుస్తకంలో దండల్లాంటి గుణకారాలు వస్తాయి. 139ని 109తో గుణించి చూడండి, 15151 వస్తుంది. 152207ని 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు వరసగా వస్తాయి. ఎటు నుంచి చదివినా ఒకటే. మల్లన ఈ సరదాని వదిలిపెట్టలేదు, ఇంకా పెంచాడు.

ఇదంతా పద్యాల్లో. ఎందుకంటే అప్పుడు పుస్తకం అంటే తాటాకు, గంటం. ప్రతి విద్యార్థి చేతిలో ఒక పుస్తకం ఉండదు. పద్యమైతే నోటికి వస్తుంది, ఒక అక్షరం జారితే ఛందస్సు పట్టేస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఎర్రర్ చెకింగ్ ఉన్న స్టోరేజి. ఆ పద్యాల్ని ఎన్నో తరాలు నకళ్ళు రాసుకున్నాయి. తర్వాతి కాలంలో ఎలుగంటి పెద్దన భాస్కరుడి లీలావతిని తెలుగు చేశాడు, అంటే మల్లన వేసిన బాట మీద ఇంకొకరు నడిచారు. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి తాటాకుల్ని పరిష్కరించి పావులూరి గణితంలో కొంత భాగాన్ని అచ్చుకి తెచ్చారు.

పాప ప్రశ్నకి జవాబు

ఇంక అసలు సంగతి. మహావీరుడి పుస్తకంలో భిన్నాల అధ్యాయం పేరు కళాసవర్ణం. ఈ పేరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కళ అంటే భాగం. చంద్రుడికి పదహారు కళలు కాబట్టి మొదట్లో పదహారో వంతు, తర్వాత ఏ భాగమైనా. సవర్ణం అంటే ఒకే జాతికి చేర్చడం. ఈ మాట మనందరికీ తెలుసు, సవర్ణదీర్ఘ సంధిలో ఉన్నది ఇదే. రామ, ఆలయం కలిస్తే రామాలయం. అకారం పక్కన అకారమే ఉంది కాబట్టి తేలిగ్గా కలిసిపోయాయి. అకారం పక్కన ఇకారం వస్తే అలా కుదరదు, ఇంకో సంధి కావాలి. భిన్నాలూ అంతే. ఒకే జాతివైతే నేరుగా కలుస్తాయి. కాకపోతే ముందు సవర్ణం చెయ్యాలి.

జాతి ఎక్కడుంది? హారంలో. మన పెద్దవాళ్ళ మాటల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్ళు మూడు బై పదహారు అనరు, మూడు వీసాలు అంటారు. మూడు అనేది ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్క. వీసం అనేది ఆ ముక్క పేరు. రెండు పావులకి మూడు వీసాలు కలిపితే ఐదు ఏమిటి? ఐదు పావులా, ఐదు వీసాలా? రెండూ కావు. పావుకి నాలుగు వీసాలు కాబట్టి రెండు పావులంటే ఎనిమిది వీసాలు. ఎనిమిది, మూడు కలిపి పదకొండు వీసాలు. ఇక్కడ కూడింది లవాల్ని మాత్రమే. పేరుని పేరుతో ఎవరూ కూడరు. పాప చేసిందీ నేను చేసిందీ అదే, పేర్లని కూడేశాం.

గుణకారంలో సంగతి వేరు. సగంలో మూడో వంతు అంటే ముక్కని మళ్ళీ ముక్కలు చేస్తున్నాం. రెండుగా కోసినదాన్ని ఒక్కోటి మూడుగా కోస్తే ఆరు ముక్కలు. అక్కడ కొత్త ముక్క పుడుతుంది, కొత్త పేరు వస్తుంది, అందుకే హారాల్ని గుణిస్తాం. కూడికలో కొత్త ముక్క పుట్టదు, ఉన్నవాటిని ఒకచోట పోస్తాం అంతే.

సరే, రెండు జాతుల్ని ఒక జాతికి తేవడం ఎలా? మహావీరుడికి రెండు వందల ఏళ్ళ ముందు, 628లో రాసిన బ్రహ్మగుప్తుడి దారి సూటిగా ఉంటుంది: దీని హారంతో దాన్ని, దాని హారంతో దీన్ని గుణించు. జవాబు తప్పకుండా వస్తుంది. కానీ సంఖ్యలు ఊబకాయం తెచ్చుకుంటాయి. 1/2, 1/6, 1/12, 1/20 కలపాలనుకోండి. హారాలన్నీ గుణిస్తే 2880. తాటాకు మీద గంటంతో 2304/2880 గీసి, మళ్ళీ దాన్ని కుదించుకుంటూ రావాలి. మహావీరుడు ఇక్కడ నిరుద్ధం అనే మాట తెచ్చాడు. హారాల్లో ఉమ్మడిగా ఉన్న కారణాంకాల్ని ఒక్కసారే తీసుకో, మిగిలిన వాటితో గుణించు, వచ్చింది నిరుద్ధం. మనం క.సా.గు. అంటున్నది దీన్నే. పై లెక్కలో నిరుద్ధం 60. లవాలు 30, 10, 5, 3. మొత్తం 48/60, అంటే 4/5. చేత్తో చేసుకునేంత లెక్క. మల్లన తెలుగులోకి తెచ్చింది ఈ సంప్రదాయాన్నే.

నా ట్యాంకు కూడా దీంతో నిండింది. 6 అంటే 2×3, 8 అంటే 2×4. ఉమ్మడి 2 ఒక్కసారే, మిగిలినవి 3, 4, కాబట్టి నిరుద్ధం 24. గంటకి ఒక పైపు 24లో 4 భాగాలు, ఇంకోటి 3 భాగాలు నింపుతాయి, కలిపి 7 భాగాలు. పట్టే సమయం 24/7 గంటలు, దాదాపు 3 గంటల 26 నిమిషాలు. జవాబు ట్వంటీఫోర్ బై సెవెన్ అని చూడగానే అమీర్‌పేట మెడికల్ షాపుల బోర్డులు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

తర్వాతి రోజు సాయంత్రం పాప దగ్గర కూర్చుని ఈసారి క.సా.గు. జోలికి వెళ్ళలేదు. గోడ మీద గడియారం చూపించాను. అరగంట అంటే ఎన్ని నిమిషాలు? 30. గంటలో మూడో వంతు? కాసేపు లెక్కపెట్టుకుని 20 అంది. రెండూ కలిపితే 50. మరి నువ్వు రాసిన 2/5 గంట ఎంత? గంటని ఐదు భాగాలు చేస్తే ఒక్కోటి 12 నిమిషాలు, రెండు భాగాలు 24. అరగంటకి ఇంకో ఇరవై నిమిషాలు కలిపితే 24 నిమిషాలా? పాప ఫక్కున నవ్వింది. తన తప్పు మీద తనే నవ్వడం అదే మొదటిసారి. ఎర్ర ఇంటూ చేయలేని పనిని ఆ నవ్వు చేసింది. తర్వాత పావులు, వీసాలు చెప్పబోతే చపాతీలు కాలుస్తున్న అక్క మధ్యలో వచ్చి పావుకి నాలుగు వీసాలని నాకన్నా ముందే చెప్పింది. వాళ్ళమ్మమ్మ అలాగే లెక్కపెట్టేదట. లెక్కలు రావని బడి మానేసిన మనిషికి సవర్ణం నోటికి వచ్చు. బడిలో ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ మాట నన్ను వదల్లేదు. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం. లవం, హారం అనే మాటలతోనే లెక్కలు నేర్చుకున్నాను. ఇంటర్‌కి రాగానే అవి న్యూమరేటర్, డినామినేటర్ అయిపోయాయి. మాటలు మారినప్పుడు అర్థం కూడా మోసుకుపోవాలి కదా, నేను మాటల్ని మార్చుకుని అర్థాన్ని అక్కడే వదిలేసి వచ్చానేమో. అందుకే సూత్రం గుర్తుంది, ఎందుకో గుర్తులేదు. ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు, మన ఉద్యోగాలు దాంట్లోనే ఉన్నాయి. మల్లన కూడా సంస్కృతాన్ని కాదనలేదు, దాన్ని బాగా చదువుకున్నాడు కాబట్టే తేగలిగాడు. కానీ చదువుకున్నది అక్కడే దాచుకోకుండా, ఇంటి భాషలో చెప్తే ఇంకెంతమందికి అందుతుందో ఆలోచించాడు. ఆ రోజుల్లో అలా చేసినందుకు ఆయనకి పండితుల్లో పెద్ద పేరేమీ వచ్చి ఉండదు. తాటాకులు మాత్రం ఊరూరా తిరిగాయి.

ఇప్పుడు పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకి మెట్రోలో ఒక్క స్టేషనే. అమీర్‌పేటలో రెడ్ లైన్, బ్లూ లైన్ ఒకదాని మీద ఒకటి దాటతాయి. ఒక లైన్‌లో 6 నిమిషాలకో రైలు, ఇంకో లైన్‌లో 8 నిమిషాలకో రైలు వచ్చిందనుకుంటే, ఇప్పుడు కలిసి వచ్చిన రెండూ మళ్ళీ ఎప్పుడు కలిసి వస్తాయి? సెలవుల చివర్లో పాపని, అక్కని మెట్రో ఎక్కించినప్పుడు ఈ ప్రశ్న అడిగాను. పాప వేళ్ళు ముడుస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టి 24 అంది. ఎలా వచ్చిందని అడిగితే, రెండింటినీ ఒక జాతి చేశానన్నా అంది.

లెక్కల్లో తనకి ఇప్పుడు వందకి వంద వస్తున్నాయని చెప్పను. ఇంటూలు ఇంకా పడుతున్నాయి. బడికి మాత్రం వెళ్తోంది. నేను మాత్రం సెమిస్టర్ మొదలయ్యాక మళ్ళీ ఒక మాక్ టెస్టు రాశాను. అందులో కూడా ఒక ట్యాంకు వచ్చింది, ఈసారి మూడు పైపులు. సగటు జోలికి పోలేదు. మల్లనని తలుచుకుని ముందు సవర్ణం చేశాను.